సింహళ ద్వీపంలో తెలుగు జాడలు

లంక అనగానే తెలుగువారి మనస్సులో మెదిలేది రామాయణమే. అశోకవనంలో సీతమ్మ శోకం, ఆంజనేయుని సముద్రలంఘనం, వానరసేన కట్టిన వారధి - ఇవే స్ఫురిస్తాయి. మచ్చ బొల్లారంలో దాదాపు నాలుగు దశాబ్దాలుగా అర్చకత్వం నిర్వహిస్తున్న ఈ వ్యాసకర్త సుందరకాండ పారాయణం ఎన్నిమార్లు చేశాడో లెక్కలేదు. అయినా ఆ ద్వీపంలో స్వయంగా అడుగుపెట్టగలనని ఎన్నడూ తలచలేదు. భగవత్సంకల్పం వలన, మా కుమారుని పట్టుదల వలన ఆ భాగ్యం కలిగింది.

శంషాబాద్‌లో విమానమెక్కితే సుమారు రెండు గంటల ప్రయాణంలో కొలంబో సమీపాన ఉన్న కటునాయక విమానాశ్రయం వస్తుంది. అక్కడ ఒక కారు మాట్లాడుకొని నేను, నా ధర్మపత్ని, మా అబ్బాయి నాలుగు రోజులు ప్రయాణించాము. మొత్తం దూరం నాలుగు వందల కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. నువర ఎళియ ప్రాంతంలోని సీతమ్మ కోవెల చూడాలని నా కోరిక. కాని ఉన్న వ్యవధిలో అటు వెళితే ఇటు కుదరదు. అప్పుడు మా అబ్బాయి, "నాన్నగారూ, క్యాండీ వెళదాము. అక్కడ తెలుగు రాజులు పాలించారు" అన్నాడు. వేదశాస్త్రాలతో పాటు కొంత చరిత్ర కూడా చదివినవాడినే. అయినా ఆ మాట నాకు కొత్త. సగం అపనమ్మకంతోనే సరేనన్నాను.

కారు నడిపినతడు సింహళీయుడు, బౌద్ధుడు. మేము మాట్లాడుకొంటున్నది ఏ భాష అని మొదటి గంటలోనే అడిగాడు. తెలుగని చెప్పగానే "తెలింగు!" అని నవ్వాడు. వారి భాషలో మన భాషకు అదే పేరట. ఆ నవ్వుకు అర్థం నాకు నాలుగవ రోజున గాని తెలియలేదు.

క్యాండీ సింహాసనంపై నాయక రాజులు

కటునాయక నుండి నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేస్తే, కొండల నడుమ సరస్సు ఒడ్డున క్యాండీ నగరం కనబడుతుంది. 1988లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తీరప్రాంతాలను పోర్చుగీసువారు, వారి తరువాత డచ్చివారు ఆక్రమించుకొన్నా, ఈ కొండల రాజ్యం మాత్రం 1815 వరకు స్వతంత్రంగా నిలిచింది.

ఇక్కడి రాజులకు మధుర నాయక వంశీయులతో వియ్యమందే ఆచారం ఉండేది. విజయనగర చక్రవర్తుల ప్రతినిధులుగా మధురకు వెళ్ళి స్థిరపడిన తెలుగు నాయకులు వారు. వీర నరేంద్రసింహుడు 1739లో మరణించాడు. పట్టమహిషికి సంతానం లేదు. సింహళ ప్రభువంశీయురాలికి జన్మించిన ఉనంబువె బండార అనే కుమారుడు ఉన్నా, తల్లి క్షత్రియ వనిత కాదన్న కారణంగా అతనికి పట్టం దక్కలేదు. మహారాణి సోదరుడే శ్రీ విజయ రాజసింహుడనే పేరుతో సింహాసనమధిష్ఠించాడు. అతని తరువాత 1747లో కీర్తి శ్రీ రాజసింహుడు, 1782లో రాజాధిరాజసింహుడు, 1798లో శ్రీ విక్రమ రాజసింహుడు రాజులైనారు. ఇలా 76 సంవత్సరాల పాటు ఇంట తెలుగు మాట్లాడే వంశం సింహళ రాజ్యాన్ని ఏలింది. అక్కడివారు వీరిని "వడుగ" రాజులన్నారు. తమిళదేశంలో తెలుగువారికి ఉన్న పేరే అది.

అర్చకుని కంటికి కనబడిన దళదా మాలిగావ

క్యాండీలో ప్రధాన క్షేత్రం దళదా మాలిగావ. బుద్ధ భగవానుని దంతధాతువును ఇక్కడ బంగారు కరండంలో ఉంచి ఆరాధిస్తారు. అన్యమతాలయం కదా, దూరం నుండి నమస్కరించి వద్దామనే ఉద్దేశంతోనే లోపలికి వెళ్ళాను. అక్కడ జరిగే సేవలు చూస్తుంటే నా వృత్తిధర్మమే నన్ను కట్టిపడేసింది.

తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంకాలం - మూడు వేళలా మంగళవాద్యాలతో సేవ జరుగుతుంది. ధాతువును సాక్షాత్తు ఒక మహారాజుగా భావించి, మేలుకొలుపు మొదలు నైవేద్యం వరకు ఉపచారాలు చేస్తారు. బుధవారం నాడు సుగంధ జలాలతో స్నపనం చేసే ఆచారం ఉన్నది. ఆషాఢ మాసపు ఎసళ పెరహెరలో గజారూఢమైన కరండాన్ని రాత్రివేళ దివిటీల వెలుగులో ఊరేగిస్తారు. ఉత్సవాంతంలో మహావేలి నదిలో గెటంబె రేవు వద్ద ఖడ్గంతో నీటిని ఖండించే వేడుక జరుగుతుంది. బ్రహ్మోత్సవాల చివరి నాడు మనం జరిపే చక్రస్నానం నాకు జ్ఞాపకం వచ్చింది. సిద్ధాంతంలో మనకూ వారికీ భేదాలు ఎన్నో ఉన్నాయి. సేవాక్రమంలో మాత్రం చుట్టరికం స్పష్టంగా కనబడుతుంది.

మాలిగావ ఎదుటనే నాథ, విష్ణు, పత్తిని దేవాలయాలున్నాయి. కతరగామ దేవుని ఆలయం, అంటే మన సుబ్రహ్మణ్యస్వామి కోవెల, ఊరిలో కొద్ది దూరంలో ఉన్నది. విష్ణు దేవాలయ పూజారిని "కపురాళ" అంటారు. ఆయన గర్భగుడి తెర ముందు నిలిచి సింహళంలో స్వామికి విన్నపం చేస్తుంటే, అర్థం తెలియకపోయినా చేతులు వాటంతట అవే జోడించుకొన్నాయి.

విభూతి ధరించిన ధర్మపాలకుడు

ఈ నలుగురు రాజులలో కీర్తి శ్రీ రాజసింహుని చరిత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆయన జన్మతః శైవుడు. పాలించవలసిన ప్రజలు బౌద్ధులు. ఆయన రాజైన నాటికి ఆ దేశంలో ఉపసంపద, అనగా పూర్ణ భిక్షుదీక్ష ఇచ్చే పరంపర తెగిపోయింది. దీక్షితులైన భిక్షువులు కొందరు కలిస్తే తప్ప కొత్తవారికి దీక్ష ఇవ్వడానికి వీలులేదు. వేదాధ్యయన పరంపర ఒక తరం తెగితే ఏమవుతుందో తెలిసినవారికి ఆ వేదన అర్థమవుతుంది.

వెలివిట శరణంకరుడనే మహనీయుని ప్రేరణతో రాజు సయాము దేశానికి రాయబారులను పంపాడు. డచ్చివారి ఓడలో 1753లో ఉపాలి స్థవిరుడు తన శిష్యబృందంతో క్యాండీ చేరాడు. దీక్షా పరంపర పునరుద్ధరింపబడింది. నేటికీ శ్రీలంకలో ప్రధాన భిక్షు సంప్రదాయాన్ని "సయాము నికాయం" అని పిలవడానికి కారణం ఇదే. అంతవరకు నాలుగు దేవాలయాల ఉత్సవంగా సాగుతున్న పెరహెరలో దంతధాతువును అగ్రస్థానంలో నిలిపినదీ ఈ రాజే. దేవతల ఊరేగింపును రద్దు చేయలేదు. వెనుక వరుసలో ఉంచి, రెండు సంప్రదాయాలనూ ఒకే వీధిలో నడిపించాడు.

అయినా ఆయన సుఖంగా రాజ్యమేలలేదు. బౌద్ధానికి ఇంత సేవ చేసినా విభూతి ధరించడం మానలేదన్నది కొందరి అసంతృప్తి అని సింహళ రచనలు చెబుతున్నాయి. 1760లో ప్రభువులు, భిక్షువులు కొందరు కలిసి రాజును హతమార్చడానికి కుట్ర పన్నారు. కుట్ర బయటపడింది. ప్రభువులకు మరణదండన పడింది. శరణంకరుడు సైతం కొంతకాలం నిర్బంధంలో ఉండి, ఆపైన విడుదలైనాడు. ఇంత జరిగిన తరువాత మరొకరైతే ఆ మతాన్నే ద్వేషించేవారు. ఈ రాజు విహార నిర్మాణాలను మునుపటి కంటే అధికంగా సాగించాడు. తన ఇష్టదైవాన్ని విడువకుండానే, పరుల ధర్మాన్ని తన ధర్మంగా కాపాడడం రాజధర్మమని మన శాస్త్రాలు ఘోషిస్తున్నాయి. దానిని ఆచరించి చూపినవాడు మన తెలుగువాడు కావడం, మనకు ఆయన పేరైనా తెలియకపోవడం ఆలోచింపదగిన విషయం.

ఈ వంశపు చివరి రాజు కథ విషాదాంతం. క్యాండీ సరస్సును త్రవ్వించినది శ్రీ విక్రమ రాజసింహుడే. అయితే ఆయన క్రౌర్యం కూడా చరిత్రకెక్కింది. తిరుగుబాటు చేసిన ఎహెలెపొళ అనే మంత్రిపై ఆగ్రహంతో 1814లో అతని భార్యాబిడ్డలను చంపించాడు. ప్రభువులు ఆంగ్లేయులతో చేతులు కలిపారు. 1815 ఫిబ్రవరిలో రాజు పట్టుబడ్డాడు. మార్చి 2న ఒడంబడిక జరిగిన మగుల్ మడువ అనే కొలువుకూటాన్ని మేము చూశాము. చెక్కడపు పనితనం గల కొయ్య స్తంభాల మండపమది. 1783లో దాని నిర్మాణం ప్రారంభించినవాడు ఈ వంశీయుడైన రాజాధిరాజసింహుడే. తాము కట్టించిన మండపంలోనే వారి రాజ్యం ముగిసింది. ఒడంబడికలో వారిని "మలబారు" జాతివారని వ్రాశారు. దక్షిణాది వారినందరినీ ఆంగ్లేయులు ఆ పేరుతోనే పిలిచేవారు. రాజవంశపు పురుషులెవరూ ఆ రాజ్యంలో అనుమతి లేకుండా ఉండరాదని శాసించారు. క్యాండీ అంతా తిరిగినా నా కంటికి ఒక్క తెలుగు అక్షరమైనా కనబడలేదు.

నోటి నుండి తాటాకుకు

మరునాడు ఉత్తరదిశగా బయలుదేరాము. 26 కిలోమీటర్లు వెళితే మాతలె పట్టణం, అది దాటగానే అలువిహార గుహలు. బుద్ధుని బోధలు శతాబ్దాల తరబడి భిక్షువుల కంఠాలలోనే నిలిచి ఉండేవి. క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దంలో, వలగంబా రాజు కాలంలో, యుద్ధాల వలన, కరవు వలన కంఠస్థం చేసినవారు కనుమరుగయ్యే ప్రమాదం ఏర్పడింది. అప్పుడు త్రిపిటకాలను మొదటిసారిగా తాటాకులపై లిఖించినది ఈ గుహలలోనేనని సంప్రదాయం. ఇక్కడి గ్రంథాలయం 1848 తిరుగుబాటు సమయంలో ధ్వంసమైంది. నేటికీ సందర్శకులకు గంటంతో తాటాకుపై వ్రాసి, మసి అద్ది చూపిస్తారు.

ఆ గుహ ముందు చాలాసేపు కూర్చున్నాను. నేను వేదం నేర్చినది పుస్తకం చూచి కాదు. గురువుగారి ఎదుట కూర్చొని, ఆయన పలికినట్లు పలికి నేర్చుకొన్నాను. తాటాకు కాలిపోవచ్చు, కంఠానికి వారసుడు లేకపోవచ్చు. ఏ సంపదనైనా నిలిపేది దానిని అందుకొనే తరమేనన్న సంగతి అక్కడ మరింత గట్టిగా మనస్సుకు తాకింది.

దారిలో నాలందా గెడిగె అనే చిన్న రాతి ఆలయాన్ని చూశాము. పల్లవ శిల్పరీతిలో కట్టిన బౌద్ధ మందిరమిది. జలాశయం నీటిలో మునిగిపోకుండా రాయి రాయీ విప్పి, ఎగువన తిరిగి నిలబెట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు వలన కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన వైనం తెలిసిన మనకు ఆ శ్రమ కొత్తది కాదు.

దంబుల్ల గుహలలో తెలుగు రాజు ప్రతిమ

క్యాండీ నుండి 72 కిలోమీటర్ల దూరంలో దంబుల్ల ఉన్నది. పెద్ద కొండ చరియ క్రింద ఐదు గుహాలయాలు. మొదటి గుహలో శయనించిన బుద్ధుని విగ్రహం సుమారు 14 మీటర్ల పొడవు. ఆ గుహకు "దేవరాజ విహారం" అని పేరు. ప్రక్కనే విష్ణుమూర్తికి చిన్న మందిరమున్నది. రెండవ గుహలోనూ బుద్ధ విగ్రహాల మధ్య విష్ణువు దర్శనమిస్తాడు.

మూడవ గుహ పేరు మహా అలుత్ విహారం, అంటే గొప్ప నూతన విహారమని అర్థం. దీనిని తీర్చిదిద్దించినవాడు కీర్తి శ్రీ రాజసింహుడు. కప్పు నిండా, గోడల నిండా రంగులు చెక్కుచెదరని చిత్రాలున్నాయి. అక్కడ ఒక ప్రక్కగా ఆ రాజు ప్రతిమ నిలిచి ఉన్నది. యాత్రికులు బుద్ధునికి పూలు సమర్పించి సాగిపోతున్నారు. నేను ఆ ప్రతిమ ఎదుట నిలిచి మనస్సులోనే తెలుగులో నమస్కారం చెప్పుకొన్నాను.

కృష్ణాతీరానికి, అనురాధపురానికి ముడి

మూడవనాడు అనురాధపురం చేరాము. అశోకుని కుమార్తె సంఘమిత్ర తెచ్చిన బోధివృక్ష శాఖ క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో ఇక్కడ నాటబడింది. శ్రీ మహాబోధి అనే ఆ వృక్షం నేటికీ బంగారు ఊతల ఆధారంతో నిలిచి ఉన్నది. తెల్లని వస్త్రాలు ధరించిన భక్తులు నిశ్శబ్దంగా ప్రదక్షిణలు చేస్తుంటే మన అశ్వత్థ ప్రదక్షిణమే జ్ఞాపకం వచ్చింది.

ఈ ఊరికి, మన కృష్ణాతీరానికి ఉన్న సంబంధం పదిహేడు శతాబ్దాల నాటిది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో చైత్యగృహం నిర్మించి తామ్రపర్ణి భిక్షువులకు సమర్పించింది. తామ్రపర్ణి అంటే ఈ లంకయే. అక్కడ "సింహళ విహారం" ఉండేదని ఆమె శాసనమే చెబుతున్నది. ఆ విహారంలో బోధివృక్షానికి ఆమె ఆలయం కూడా కట్టించింది. పలనాటి సున్నపురాతిలో మలచిన శిల్పాలు ఈ ద్వీపంలో లభించాయి. రాజుల కంటే ఎంతో ముందే భిక్షువులు, శిల్పులు ఈ రాకపోకలు సాగించారన్నమాట.

పాములవారి నోట మన పలుకు

నాలుగవనాడు తిరుగు ప్రయాణం. అనురాధపురం నుండి సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో తంబుత్తేగమ అనే ఊరు వస్తుంది. అక్కడ కారు ఆపి డ్రైవరు, "దగ్గరలో కుడాగమ అనే పల్లె ఉన్నది. మీరు మాట్లాడినట్లే మాట్లాడే అహికుంటికులు అక్కడ ఉంటారు. చూస్తారా?" అని అడిగాడు. మొదటి రోజు నవ్విన నవ్వుకు అర్థం అప్పుడు తెలిసింది.

"అహితుండికుడు" అంటే పాములవాడని అమరకోశంలో చదువుకొన్నాము. పాళీ ద్వారా సింహళంలో ఆ పదమే అహికుంటిక అయింది. పాములనాడించడం, కోతులనాడించడం, చేయి చూచి జోస్యం చెప్పడం వీరి పూర్వ వృత్తులు. తాటాకు గుడారాలతో ఊరూరా తిరిగే వీరు కొన్ని దశాబ్దాలుగా పల్లెలలో స్థిరపడుతున్నారు. వన్యప్రాణి చట్టాల వలన పాత వృత్తులు సన్నగిల్లాయి. వారిలో కొందరు బౌద్ధం, మరికొందరు క్రైస్తవం స్వీకరించారు. ఇంటి భాష మాత్రం తెలుగే. దానికి వారి వద్ద లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు.

ఒక ఇంటి అరుగు మీద కూర్చొన్న వృద్ధురాలు నాతో మాట కలిపింది. యాస వేరు, మధ్య మధ్య సింహళ పదాలు. అయినా నీళ్ళు నీళ్ళే, ఇల్లు ఇల్లే, పాము పామే.

"అమ్మా, మీకు ఈ మాట ఎవరు నేర్పారు?" అని అడిగాను.

"ఎవరు నేర్పుతారయ్యా? మా అమ్మ మాట ఇది. మా అవ్వ మాట ఇది" అన్నది.

అప్పుడు ఆమె చేయి చూస్తానని తన చేయి చాపింది. నేను ఒక్క క్షణం తటపటాయించాను. దాచి ప్రయోజనం లేదు, ఆచారం పేరిట నాలో పేరుకొన్న సంకోచమే అది. మా చిన్నతనంలో నాగులచవితికి పాములవాళ్ళు వచ్చేవారు. గుడి గడపకు ఆవల నిలబడేవారు. బియ్యం, పాత బట్టలు ఇచ్చి పంపేవాళ్ళం. వారినెన్నడూ లోపలికి రమ్మనలేదు. సింహాసనమెక్కిన రాజుల తెలుగు రాజ్యంతోనే పోయింది. గడప దాటనివ్వని వారి తెలుగు ఇన్ని తరాలు పరాయి గడ్డపై బ్రతికింది. నేను చేయి చాపాను. ఆమె చాలాసేపు చూచి, దీర్ఘాయుష్షని చెప్పింది.

తరువాత ఆమె, "మీ ఊరిలో అందరూ ఇదే మాట్లాడతారా?" అని అడిగింది. కోట్లమంది మాట్లాడతారన్నాను. ఆశ్చర్యపోయింది. "పిల్లలు కూడానా?" అన్నది.

వెంటనే బదులు చెప్పలేకపోయాను. నా మనుమడు మంచి బడిలో చదువుతున్నాడు. తెలుగు మాట్లాడతాడు. నేను కోరి ఇచ్చిన శతక పుస్తకాన్ని మాత్రం కూడబలుక్కొని కూడా చదువలేడు. ఆమె మనుమరాలు ప్రక్కనే నిలబడి ఉన్నది. అవ్వ తెలుగులో పిలిస్తే ఆ పిల్ల సింహళంలో బదులు పలికింది. మేమిద్దరమూ ఒకరినొకరు చూచుకొన్నాము. ఇద్దరి ఇంటి చింతా ఒక్కటే.

వెళ్ళగోరు వారికి

శ్రీలంకకు పాస్‌పోర్టుతో పాటు ముందుగా ఇంటర్నెట్ ద్వారా ప్రయాణ అనుమతి పొందాలి. ఆలయాలలోకి పాదరక్షలు, టోపీ లేకుండా, భుజాలు, మోకాళ్ళు కప్పే వస్త్రాలతో వెళ్ళాలి. తెల్లని దుస్తులు శ్రేష్ఠం. బుద్ధ విగ్రహానికి వీపు చూపి ఛాయాచిత్రం తీయించుకోవడం అక్కడ మహాపరాధం. ఎసళ పెరహెర సాధారణంగా జూలై, ఆగస్టు నెలల్లో వస్తుంది. శాకాహారులకు అన్నం, పప్పు, కొబ్బరి కూరలు దొరుకుతాయి. వంటలలో ఎండుచేపల పొడి కలిపే అలవాటు ఉన్నందున ముందే అడిగి తెలుసుకోవాలి.

అంత దూరం వెళ్ళలేనివారికి ఒక దగ్గరి మార్గం ఉన్నది. శ్రీ విక్రమ రాజసింహుని 1816లో వేలూరుకు తరలించారు. ఆయన ఆ ఊరిలోనే బందీగా ఉండి 1832 జనవరి 30న మరణించాడు. పాలారు నది ఒడ్డున ఆయన సమాధి స్థలంలో 1990లో ముత్తు మండపం నిర్మించారు. తిరుపతి, కాణిపాకం దర్శించి శ్రీపురం స్వర్ణదేవాలయానికి వెళ్ళే తెలుగు యాత్రికులు ఎందరో వేలూరు మీదుగానే వెళుతున్నారు. ఒక్క అరగంట ఆగి, ఆ మండపంలో ఒక పువ్వు ఉంచి వస్తే మంచిది.

ఇల్లు చేరిన మరుసటి ఆదివారం నుండి మా ఆలయ మండపంలో సాయంకాలం ఒక గంటసేపు పిల్లలచేత తెలుగు చదివిస్తున్నాను. మొదటి రోజు నలుగురు వచ్చారు. మా మనుమడు వారిలో ఒకడు. కుడాగమ వృద్ధురాలి ప్రశ్నకు బదులు చెప్పగల రోజు కోసం ఆ గంట. వచ్చే నాగులచవితికి పాములవాడు వస్తే, గడప లోపలికి పిలిచి, స్వామి ఎదుట కూర్చోబెట్టి ప్రసాదమివ్వాలని సంకల్పించుకొన్నాను.

సర్వే జనాః సుఖినో భవంతు.